పిడికెడు గడ్డం, పలు తీర్పులు

1806 ఆగస్టులో థామస్ మన్రో మద్రాసు గవర్నర్ విలియం బెంటింక్‌కు ఒక ఉత్తరం రాశాడు. దత్తమండలాల ప్రిన్సిపల్ కలెక్టర్‌గా అప్పట్లో మన్రో మకాం అనంతపురం. అంతకు నెల కిందట, జూలై 10న తెల్లవారకముందే వేలూరు కోటలో సిపాయిలు తిరగబడి వందమందికి పైగా తెల్ల సైనికులను చంపారు. ఆర్కాటు నుంచి గిల్లెస్పీ గుర్రపుదళంతో వచ్చి అదే రోజు కోటను తిరిగి పట్టుకున్నాడు. వందలాది సిపాయిలు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

కోటలో టిప్పు సుల్తాన్ కుటుంబం నిర్బంధంలో ఉండేది. కాబట్టి ఇదంతా వాళ్ల కుట్రేనని చాలామంది తెల్ల అధికారులు తేల్చేశారు. మన్రో కూడా మొదట అలాగే అనుకున్నాడు. తర్వాత ఆ లెక్క కుదరదనిపించింది. హైదరాబాద్ నుంచి తిరుచిరాపల్లి దాకా పాకిన అసంతృప్తికి ఒక రాజవంశం మీది అభిమానం ఒక్కటే కారణం కాలేదని రాశాడు. సిపాయిలను క్రైస్తవులను చేయడానికే ఈ కొత్త నిబంధనలు వచ్చాయని ఈ ప్రాంతంలో వివేకం గలవారంతా నమ్ముతున్నారని గవర్నర్‌కు చెప్పాడు.

ఆ నిబంధనలు సేనాధిపతి సర్ జాన్ క్రాడక్ హయాంలో వచ్చినవి. పదకొండో విభాగం పదో పేరా ప్రకారం సిపాయి యూనిఫాంలో ఉన్నప్పుడు నుదుట కులం బొట్టు పెట్టకూడదు, చెవిపోగులు వేసుకోకూడదు. కవాతుకు వచ్చినప్పుడల్లా గడ్డం నున్నగా గీసుకుని ఉండాలి. మీసం కూడా వీలైనంతవరకు అందరికీ ఒకే తీరులో ఉండాలి. నిజానికి సిపాయిలను అన్నిటికంటే ఎక్కువగా మండించింది కొత్త తలపాగా, దానికి తగిలించిన తోలు ముక్క. గడ్డమే తిరుగుబాటు తెచ్చిందంటే అతిశయోక్తి అవుతుంది. అయినా హిందువుల బొట్టునూ ముస్లింల గడ్డాన్నీ ఒకే పేరాలో పెట్టి కొట్టేయడంతో ఇద్దరి అనుమానమూ ఒకటైంది. తిరుగుబాటు తర్వాత ఆ పేరాను రద్దు చేశారు. మరుసటి ఏడాది క్రాడక్‌నూ బెంటింక్‌నూ లండన్ వెనక్కి పిలిపించుకుంది.

ఆ పేరా రాసినవారికి గడ్డం అంటే కవాతులో కనిపించే శుభ్రత, ఏకరూపత. దాన్ని పెంచినవాడికి అది ఏమిటో వాళ్లు కనుక్కోలేదు. రెండు వందల ఏళ్లు దాటినా ఈ ప్రశ్న పోలీసు శాఖల్లో, వాయుసేనలో, బడుల్లో, కోర్టుల్లో మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది. ‘ఇస్లాంలో గడ్డం తప్పనిసరా, కాదా’ అని అడిగి ఒక్క మాటలో జవాబు చెప్పమంటున్నారు. ఆధారాలను ఒక్కొక్కటే తీసి చూస్తే ఒక్క మాట జవాబు దొరకదు. ఎందుకు దొరకదో తెలుసుకోవడమే ఇక్కడ ముఖ్యం.

మూలాల్లో ఏముంది

ఖురాన్‌లో గడ్డం పెంచమనే ఆజ్ఞ ఎక్కడా లేదు. గడ్డం ప్రస్తావన ఒక్కచోట, ఇరవయ్యో అధ్యాయం ‘తాహా’లో వస్తుంది. దూడ విగ్రహం గొడవలో కోపంతో వచ్చిన మూసా ప్రవక్తతో ఆయన అన్న హారూన్, నా గడ్డం పట్టుకోవద్దు, నా తల పట్టుకోవద్దు అని వేడుకుంటాడు. దీన్నిబట్టి హారూన్‌కు పట్టుకునేంత గడ్డం ఉండేదని చెప్పవచ్చు. దాన్ని ఆజ్ఞగా తీసుకోవడానికి మరికొన్ని మెట్లు ఎక్కాలి.

కాబట్టి బరువంతా హదీసుల మీద, అంటే ప్రవక్త మాటలనూ చేతలనూ చెప్పే కథనాల మీద, పడింది. వాటిలో గట్టిది ప్రవక్త సహచరుడు ఇబ్న్ ఉమర్ చెప్పినది. బహుదైవారాధకులకు భిన్నంగా ఉండండి, గడ్డాలు పెరగనివ్వండి, మీసాలు కత్తిరించండి అన్నది దాని సారం. బుఖారీ, ముస్లిం అనే ఇద్దరు పండితుల హదీసు సంకలనాలు రెండింటిలోనూ ఉంది కాబట్టి దాని ప్రామాణికతను శంకించేవారు అరుదు. అబూ హురైరా చెప్పిన దానిలో ‘మజూసీలకు భిన్నంగా’ అని, అంటే పారశీక అగ్ని ఉపాసకుల పేరుతో వస్తుంది. గడ్డం గీసి మీసం పెంచిన పారశీక రాజదూతలను చూసి ప్రవక్త మొహం తిప్పుకున్నారనే కథనం చరిత్ర గ్రంథాల్లో ఉంది. అయితే దాని కథకుల గొలుసు తెగి ఉంది. మసీదు ప్రసంగాల్లో ఈ మూడూ ఒకే బరువుతో వినిపిస్తుంటాయి. పరిశోధకుడు మాత్రం మూడింటినీ వేరువేరుగా తూచాలి.

అదే ఇబ్న్ ఉమర్ గురించి బుఖారీ మరో సంగతి నమోదు చేశారు. హజ్‌కో ఉమ్రాకో వెళ్లినప్పుడు ఆయన తన గడ్డాన్ని పిడికిట పట్టి, పిడికిలి దాటినదాన్ని కత్తిరించేవారట. ‘పెరగనివ్వండి’ అన్న మాట చెప్పిన మనిషే కత్తెర పట్టారు. మన ప్రాంతంలో వినిపించే ‘ఏక్ ముష్త్’, అంటే పిడికెడు గడ్డం, అనే కొలత ఇక్కడినుంచే వచ్చింది. ప్రవక్త స్వయంగా తన గడ్డాన్ని పొడవునా వెడల్పునా సరిచేసుకునేవారనే ఒక హదీసును తిర్మిజీ తన సంకలనంలో చేర్చారు. కానీ అందులోని కథకుడు ఉమర్ ఇబ్న్ హారూన్ మీద హదీసు పండితులకు నమ్మకం తక్కువ, తిర్మిజీ కూడా ఆ సంగతి దాచలేదు. అందువల్ల కొలత విషయంలో మిగిలే గట్టి ఆధారం ప్రవక్త మాట కాక ఆయన సహచరుడి చేత.

మరో హదీసు ప్రవక్త భార్య ఆయిషా చెప్పినది, ముస్లిం సంకలనంలో ఉంది. మనిషి సహజ స్వభావానికి, అంటే ‘ఫిత్రా’కు చెందిన పది పనుల్లో మీసం కత్తిరించడం, గడ్డం పెంచడం ఉన్నాయి. పళ్లు తోముకోవడం, గోళ్లు తీసుకోవడం, ముక్కులోకి నీళ్లు పీల్చి శుభ్రం చేయడం లాంటివి కూడా అదే జాబితాలో ఉన్నాయి. పదోది మరిచిపోయానని, బహుశా నోరు పుక్కిలించడం కావచ్చని అందులోని ఒక కథకుడే ఒప్పుకున్నాడు. హదీసు శాస్త్రం మీద గౌరవం పెంచే మాటల్లో ఇదొకటి. ఇక్కడ చూడాల్సిన సంగతి ఏమిటంటే, ఈ జాబితాలోని పనులన్నీ ఒకే స్థాయివి కావు. కొన్ని తప్పనిసరి, కొన్ని మంచివి మాత్రమే. జాబితాలో ఉన్నంత మాత్రాన గడ్డం స్థాయి తేలదు.

మెట్ల మీద గడ్డం

ఇస్లాం ధర్మశాస్త్రం పనులను చెయ్యాలి, చెయ్యకూడదు అని రెండుగా చీల్చి ఊరుకోదు. ఫర్జ్ (కచ్చితమైన విధి), వాజిబ్ (దాదాపు అంతే తప్పనిసరి), సున్నత్ (ప్రవక్త ఆచరణ, చేస్తే మంచిది), అభ్యంతరం లేనిది, మక్రూహ్ (అనుచితం), హరాం (నిషిద్ధం) అని మెట్లు ఉన్నాయి. హనఫీ, షాఫియీ, మాలికీ, హంబలీ అనే నాలుగు సున్నీ న్యాయసంప్రదాయాల్లో, అంటే మజ్‌హబ్‌లలో, హనఫీలైతే మక్రూహ్‌ను మళ్లీ రెండుగా విడదీస్తారు. హరాంకు దగ్గరగా ఉండేది ‘మక్రూహ్ తహ్రీమీ’, తేలికైనది ‘మక్రూహ్ తన్జీహీ’. గడ్డం మీద వచ్చిన అభిప్రాయాలన్నీ ఈ మెట్ల మీద ఎక్కడెక్కడో నిలబడతాయి.

హనఫీల మాట గట్టిది. 15వ శతాబ్దపు ఈజిప్టు పండితుడు ఇబ్నుల్ హుమామ్ పిడికెడు కంటే తక్కువకు కత్తిరించడాన్ని ఎవరూ అనుమతించలేదన్నారు. 17వ శతాబ్దంలో డమాస్కస్ పండితుడు హస్కఫీ, 19వ శతాబ్దంలో ఆయన గ్రంథానికి వ్యాఖ్య రాసిన ఇబ్న్ ఆబిదీన్ అదే మాటను ముందుకు తెచ్చారు. మన దేశంలోని దేవబందీ, బరేల్వీ ఫత్వాలు చాలావరకు ఈ గొలుసు మీదే నిలబడ్డాయి. ఎన్నో విషయాల్లో ఒకరితో ఒకరు పడని ఈ రెండు పక్షాలూ పిడికెడు గడ్డం దగ్గర మాత్రం ఒకే మాట మీద ఉన్నాయి. బరేలీకి చెందిన అహ్మద్ రజా ఖాన్ దీని మీద ప్రత్యేకంగా ఒక పుస్తకం రాశారు. దేవబందీ వరుసలో మౌలానా జకరియ్యా కాంధల్వీ గడ్డం వాజిబ్ అంటూ మరొకటి రాశారు.

షాఫియీల్లో మాట మెత్తబడుతుంది. 13వ శతాబ్దపు నవవీ గడ్డాన్ని కత్తెర ముట్టకుండా వదిలేయడమే మేలన్నారు, గీయడాన్ని మక్రూహ్‌లలో లెక్కించారు. 16వ శతాబ్దపు ఇబ్న్ హజర్ హైతమీ కూడా మక్రూహ్ దగ్గరే ఆగారు. ఇమామ్ షాఫియీ మాటలనుబట్టి అది హరామే అవుతుందని వాదించిన షాఫియీ పండితులూ ఉన్నారు. మాలికీలు సాధారణంగా గీయడం హరాం అంటారు, కానీ వాళ్లలోనే 12వ శతాబ్దపు ఖాజీ ఇయాజ్ మక్రూహ్ అన్నారు. హంబలీల్లో ఇబ్న్ తైమియ్యా హరాం అన్నారు. గడ్డం మొత్తం గీయడం తగదన్న విషయంలో పండితులంతా ఏకాభిప్రాయంతో ఉన్నారని 11వ శతాబ్దపు ఇబ్న్ హజమ్ ప్రకటించారు. ఆయన తర్వాత వచ్చిన ఖాజీ ఇయాజ్, నవవీల మాటలను పక్కన పెట్టి చూస్తే ఆ ప్రకటన ఎంత కచ్చితంగా వినిపిస్తుందో, కలిపి చూస్తే అంతగా వినిపించదు.

ఒకే ధోరణి వారనుకునేవారిలోనూ తేడాలున్నాయి. 1999లో కొద్ది నెలల తేడాతో కన్నుమూసిన ఇద్దరు సలఫీ పెద్దల్లో షేక్ ఇబ్న్ బాజ్ గడ్డానికి కత్తెర తగలకూడదన్నారు. షేక్ అల్బానీ మాత్రం ఇబ్న్ ఉమర్ చేతను ఆధారం చేసుకుని పిడికెడు దాటినది తీసెయ్యాలన్నారు.

ఇక 20వ శతాబ్దంలో ప్రశ్న మారింది. ఆజ్ఞకు కారణం ‘భిన్నంగా ఉండటం’ అయినప్పుడు ఆ కారణం మారితే ఆజ్ఞ స్థాయి మారుతుందా? అల్ అజహర్ అధిపతిగా పనిచేసిన మహమూద్ షల్తూత్ వేషధారణను దేశాచారానికి వదిలేశారు. యూసుఫ్ ఖర్దావీ 1960లో వచ్చిన తన ప్రసిద్ధ గ్రంథంలో హరాం, మక్రూహ్, అభ్యంతరం లేదు అనే మూడు అభిప్రాయాలనూ పెట్టి మధ్యదాని వైపు మొగ్గారు. ఆయన వాదన ఆలోచించదగ్గది. యూదులు, క్రైస్తవులు జుట్టుకు రంగు వేయరు, మీరు వారికి భిన్నంగా ఉండండి అనే హదీసు కూడా బుఖారీ, ముస్లిం సంకలనాల్లో ఉంది. ఆజ్ఞ రూపం అదే, చెప్పిన కారణమూ అదే. అయినా జుట్టుకు రంగు వేయడం వాజిబ్ అని పండితులు అనలేదు, మంచిదని మాత్రమే అన్నారు. ఔరంగాబాద్‌లో పుట్టి, హైదరాబాద్ నుంచి పత్రిక నడిపిన మౌదూదీ గడ్డం ఉండాలన్నారు గానీ ప్రవక్త దానికి కొలత పెట్టలేదన్నారు. అందుకు ఆయన సంప్రదాయ ఉలమా, అంటే మత పండితుల, నుంచి చాలా మాటలు పడ్డారు.

నా అంచనా ఇది. పూర్తిగా గీయడాన్ని తప్పుగా, కనీసం అనుచితంగా చూసిన పక్షానికి సంప్రదాయంలో బలం ఎక్కువ. పిడికెడు అనే కొలతకు బలం అంతకంటే తక్కువ. గడ్డం లేనివాడు ముస్లిం కాడనే మాటకు నాలుగు మజ్‌హబ్‌లలో ఎక్కడా తావు లేదు.

హనఫీ న్యాయశాస్త్రంలో గడ్డానికి ఉన్న విలువను చూపే మరో చోటు నష్టపరిహారం అధ్యాయం. 12వ శతాబ్దపు మర్గీనానీ రాసిన ‘హిదాయా’ ప్రకారం, ఒకడు మరొకడి గడ్డాన్ని మళ్లీ మొలవకుండా గీసేస్తే పూర్తి ‘దియత్’, అంటే మనిషి ప్రాణానికి కట్టేంత పరిహారం, చెల్లించాలి. మగవాడి అందాన్ని పూర్తిగా పోగొట్టాడన్నది కారణం. ఈ హిదాయాను ఈస్టిండియా కంపెనీ కోర్టుల అవసరం కోసం వారన్ హేస్టింగ్స్ ప్రోత్సాహంతో చార్లెస్ హామిల్టన్ ఇంగ్లీషులోకి తెచ్చి 1791లో అచ్చువేశాడు. అంటే క్రాడక్ పేరాకు పదిహేనేళ్ల ముందే గడ్డం విలువ ఎంతో కంపెనీ సొంత పుస్తకంలో ఉంది. కోర్టు బల్ల మీద ఉన్న ఆ పుస్తకం సైన్యం బల్ల దాకా వెళ్లలేదు.

కరువు సీమలో

రాయలసీమ ముస్లింలలో అత్యధికులు హనఫీలు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి అనంతపురం జిల్లా జనం 40 లక్షల పైచిలుకు, అందులో ముస్లింలు పదో వంతుకు అటూ ఇటూ. అనంతపురం పాతూరు, తాడిపత్రి, గుంతకల్లు, కదిరి, హిందూపురం లాంటి పట్టణాల్లో ఉర్దూ మాట్లాడే కుటుంబాలు ఎక్కువ. పల్లెల్లో తెలుగే ఇంటిభాషగా ఉన్న దూదేకులవారు ఎక్కువ.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు చుట్టూ వాన పడే నేల ఇది. నమాజుకు ముందు వజూ, అంటే శుద్ధి, చేయాలంటే నీళ్లు కావాలి. గడ్డానికీ నీటికీ ఇస్లాం ధర్మశాస్త్రమైన ఫిఖ్‌లో ఉన్న లెక్క చూడండి. గడ్డం పల్చగా ఉండి కింద చర్మం కనబడుతుంటే నీళ్లు చర్మానికి తగలాలి. ఒత్తుగా ఉంటే మొహం హద్దులోని గడ్డాన్ని పైన కడిగితే వజూ నెరవేరుతుంది. దోసిట కొంచెం నీళ్లు తీసుకుని గవద కిందినుంచి వేళ్లు గడ్డంలోకి పోనిచ్చి దువ్వడం సున్నత్. మసీదు దగ్గర పెద్దాయన ఒకరు ఒక్క చెంబు నీళ్లతో ఈ తతంగమంతా ముగించడం ఎవరైనా చూడవచ్చు. చేతులు, నోరు, ముక్కు, మొహం, ఆ తర్వాత తడి వేళ్లతోనే గడ్డం, మోచేతులు, తల, కాళ్లు అయ్యాక కూడా చెంబులో అడుగున నీళ్లు మిగులుతాయి. ప్రవక్త ఒక ‘ముద్’ నీళ్లతో వజూ చేసేవారని హదీసు. నేటి లెక్కలో అది ముప్పావు లీటరుకు కాస్త అటూ ఇటూ, హనఫీల కొలతలో ఇంకొంచెం ఎక్కువ. అసలు నీళ్లే దొరకనప్పుడు శుభ్రమైన మట్టితో ‘తయమ్ముమ్’ ఉంది. ట్యాంకరు రాని రోజున కూడా గడ్డం మనిషిని నమాజుకు దూరం చేయదు.

గడ్డానికి గోరింటాకు పెట్టడం ఈ ప్రాంతపు పెద్దల్లో మామూలు. మక్కా విజయం రోజున ప్రవక్త సహచరుడు అబూ బకర్ తండ్రి అబూ కుహాఫా తెల్లని తల, గడ్డంతో వస్తే, దీన్ని మార్చండి, నలుపు మాత్రం వద్దని ప్రవక్త అన్నట్టు ముస్లిం సంకలనంలో ఉంది. నల్లరంగు మీద పండితులు వాదించుకుంటారు. గోరింటాకు ఎరుపు మీద ఎవరికీ పేచీ లేదు.

సెలూన్‌లో కథ ఇంకొంచెం జటిలం. 2007లో ఆంధ్రప్రదేశ్ ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు రిజర్వేషన్ ఇచ్చిన చట్టంలో హజామ్, నాయీ ముస్లిం పేర్లతో క్షురకులు ఒక వర్గంగా ఉన్నారు. అనంతపురం వీధుల్లో కత్తెర పట్టినవారిలో నాయీ బ్రాహ్మణులూ ఉన్నారు, హజాములూ ఉన్నారు. ‘ముష్త్ ఉంచు’ అని గిరాకీ అడిగితే గడ్డాన్ని గవద కింద పిడికిట పట్టి చిటికెనవేలి కిందినుంచి మిగులు కత్తిరించడం ఇద్దరికీ తెలిసిన పనే. కానీ గడ్డం గీసి కూలి తీసుకోవడం పాపానికి తోడ్పడటమేనని చాలామంది హనఫీ ముఫ్తీలు అంటారు. అది హజాముకు పొట్టకూటి ప్రశ్న. ఫత్వా గీయించుకునేవాడికి ఎంత ముఖ్యమో గీసేవాడికీ అంతే ముఖ్యం కాబట్టి, ఆ విషయంలోని భిన్నాభిప్రాయాలు అతనికి తెలియాలి.

పల్లె మసీదులో మరో చిక్కు ఉంది. గడ్డం గీసుకునే మనిషి వెనుక నమాజు చేయవచ్చా? హనఫీ ఫత్వాలు అలాంటివారిని ఇమాముగా నిలపడం మక్రూహ్ తహ్రీమీ అంటాయి. దేవబందీలు నమాజు నెరవేరినట్టే లెక్క అంటారు. బరేల్వీల్లో దాన్ని మళ్లీ చదవాలనేవారు ఉన్నారు. వలసకు పోయినవారు పోగా ఇరవై ఇళ్లు మిగిలిన ఊరిలో, ఖురాన్ సూరాలు నోటికి వచ్చిన ఒకేఒక మనిషికి గడ్డం లేకపోతే ఏం చేయాలి? అందరిలో అతనే అర్హుడైతే జమాతు (సామూహిక నమాజు) ఆపుకోనక్కర లేదన్నది ఫిఖ్ తర్కానికి దగ్గరి జవాబు.

పెనుకొండ, గూగూడు

గడ్డం గీసుకోవడాన్నే సాధనగా మార్చుకున్న ముస్లింలు కూడా చరిత్రలో ఉన్నారు. 13వ శతాబ్దంలో సిరియా, ఈజిప్టు ప్రాంతాల్లో జమాలుద్దీన్ సావీ చుట్టూ పెరిగిన కలందర్లు తల, కనుబొమలు, మీసం, గడ్డం నాలుగూ గీసుకునేవారు. లోకం ఇచ్చే గౌరవాన్ని మొహం మీదినుంచి తుడిచేసుకోవడం వారి ఉద్దేశం. ఉలమా దీన్ని సహించలేదు. 1360 ప్రాంతంలో ఈజిప్టు సుల్తాన్ హసన్ ఆ అలవాటును నిషేధించాడు.

పెనుకొండ బాబా ఫక్రుద్దీన్ దర్గాకు వెళ్లేవారికి కలందర్ల పేరు కొత్తకాదు. బాబా గురువుగా సంప్రదాయం చెప్పే తిరుచిరాపల్లి నత్తర్ వలీ వెంట కలందర్ల గుంపు వచ్చిందని దర్గా గాథలు చెబుతాయి. గాథను చరిత్రగా తీసుకోకూడదు. అయినా ఇస్లాం ఈ నేలకు ఒక్క దారిలో రాలేదని చెప్పడానికి పెనుకొండ చాలు. దూదేకులవారు బాబా ఫక్రుద్దీన్‌ను తమ ఇలవేల్పుగా తలుస్తారు. 1909లో వెలువడిన థర్‌స్టన్ సంపుటాలు వారి పెళ్లిళ్లలో తాళి కట్టడం గురించి, పనిముట్లకు పూజ చేయడం గురించి రాసి, వారికి తమ మతం గురించి తెలియదన్న ధోరణి చూపాయి. దొరల చూపు అది. పత్తి ఏకి బతికిన కుటుంబాలు తమ చుట్టూ ఉన్న తెలుగు జీవితంతో కలిసి మెలిగాయి. దానికి అజ్ఞానమని పేరు పెట్టడం న్యాయం కాదు.

నార్పల మండలం గూగూడులో మొహర్రంకు కుళ్లాయప్ప పీరు చుట్టూ జరిగే ఉత్సవానికి హిందువులూ ముస్లింలూ కలిసి వస్తారు. తెలుగు కవి, పరిశోధకుడు అఫ్సర్ ఈ ఊరిని దగ్గరినుంచి చూసి రాసిన గ్రంథాన్ని 2013లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ ప్రచురించింది. పండుగ రోజుల్లో భక్తులు తీసుకునే ‘ఫకీరీ’ దీక్ష గురించి, స్థానిక ఆచారానికీ ‘అస్లీ ఇస్లాం’ అనే సంస్కరణవాదానికీ మధ్య నడిచే వాదన గురించి అందులో వివరంగా ఉంది. గడ్డాన్ని ఆ వాదన వెలుగులో కూడా చూడాలి. మత ప్రచారం చేసే తబ్లీగ్ జమాతులో నలభై రోజులు తిరిగివచ్చి గడ్డం పెంచిన కొడుకు, పీర్ల చావిడిలో పీరును ఎత్తిన తండ్రి ఒకే ఇంట్లో ఉండవచ్చు. కొడుకు గడ్డాన్ని చూసి ‘వీడు తీవ్రవాది అయిపోతాడేమో’ అని ఇరుగుపొరుగు అనుకోవడం ఎంత తప్పో, తండ్రి నున్నని చెంపను చూసి ‘ఈయన దీన్‌కు దూరం’ అని కొడుకు అనుకోవడం అంతే తప్పు. పైన చూసిన ఆధారాల్లో ఈ రెండు తీర్పులకూ నిలువ నీడ లేదు.

కోర్టు అడిగిన ప్రశ్న

2016 డిసెంబర్ 15న సుప్రీంకోర్టు వాయుసేన కార్పోరల్ ఒకరి కేసులో తీర్పు ఇచ్చింది. ప్రధాన న్యాయమూర్తి టి.ఎస్. ఠాకూర్, జస్టిస్ డి.వై. చంద్రచూడ్, మన తెలుగువారైన జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు ఆ ధర్మాసనంలో ఉన్నారు. 1964 నాటి నిబంధన 425(బి) ప్రకారం జుట్టు కత్తిరించడాన్నో మొహం గీయడాన్నో మతం నిషేధించినవారికే మినహాయింపు ఉంటుంది. ముస్లింలలో 2002 జనవరి 1కి ముందు గడ్డంతోనే చేరినవారికి మాత్రం వాయుసేన దాన్ని ఉంచుకోనిచ్చింది. ఇస్లాంలో అలాంటి నిషేధం ఉందా అని ధర్మాసనం అడిగింది. ఈ విషయంలో వేరువేరు వ్యాఖ్యానాలున్నాయని, గడ్డం ఉంచడం వాంఛనీయమన్నది వాటిలో ఒకటని పిటిషనర్ తరఫున సల్మాన్ ఖుర్షీద్ చెప్పారు. నిషేధం ఉందని నిరూపించే ఆధారం తన ముందు లేదంటూ కోర్టు అప్పీలును కొట్టేసింది.

సీనియర్ న్యాయవాది చెప్పింది నిజమే. ధర్మశాస్త్రంలో భేదాలున్నాయి. ఆ నిజాయితీ జవాబే కేసును ఓడించింది. లోటు ప్రశ్నలో ఉంది. 1954 నాటి శిరూరు మఠం తీర్పు నుంచి మన కోర్టులు మతంలో ‘అత్యవసరమైన’ ఆచారానికే రక్షణ అనే గీటురాయి వాడుతున్నాయి. 1985లో కేరళ హైకోర్టు కూడా ఒక పోలీసు ఉద్యోగి అభ్యర్థనను ఇలాగే తిరస్కరించింది. ఆరు మెట్లున్న శాస్త్రాన్ని రెండు గడులున్న పెట్టెలో పెడితే మధ్య మెట్ల మీద ఉన్నవన్నీ ‘లేదు’ గడిలోనే పడతాయి.

దీనికి భిన్నంగా 2015 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు ఆర్కన్సాస్ జైలులోని ఒక ముస్లిం ఖైదీకి అరంగుళం గడ్డం ఉంచుకోనివ్వాలని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ముస్లింలందరూ గడ్డం తప్పనిసరి అనుకుంటున్నారా అన్నది ఆ కోర్టుకు ముఖ్యం కాలేదు. ఈ మనిషి విశ్వాసం నిజమైనదేనా, జైలు భద్రతకు గడ్డం తీయడం తప్ప మరో దారి లేదా అని చూసింది. అరంగుళం గడ్డంలో ఆయుధాలు దాస్తారన్న అధికారుల వాదన నిలబడలేదు.

అలాంటి వెలుగు మనకూ కొంచెం కనిపించింది. 2024లో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం, మక్కా యాత్ర నుంచి గడ్డంతో వచ్చిన పోలీసు కానిస్టేబుల్‌కు వేసిన శిక్షను కొట్టేసింది. ముస్లిం పోలీసులు గడ్డాన్ని చక్కగా సరిచేసుకుని ఉంచుకోవచ్చన్న 1957 నాటి మద్రాసు పోలీసు గెజిట్ ఆదేశాన్ని ఆధారం చేసుకుంది. క్రాడక్ పేరా పుట్టిన మద్రాసులోనే ఈ ఆదేశమూ పుట్టింది.

ప్రపంచంలో మరికొన్నిచోట్ల రాజ్యం మొహాల మీదే చట్టం రాసింది. 2017లో చైనా షిన్‌జియాంగ్‌లో ‘అసాధారణ’ గడ్డాలను నిషేధించింది. తజికిస్తాన్ పోలీసులు ఒక ప్రాంతంలో 2015లో 13 వేల మంది దాకా గడ్డాలు గీయించినట్టు వారే ప్రకటించుకున్నారు. 2024లో అఫ్గానిస్తాన్‌లో తాలిబాన్లు గడ్డం గీయడమే నేరమనే చట్టం తెచ్చారు. నున్నగా గీయించడమూ, గీసుకున్నందుకు శిక్షించడమూ నా దృష్టిలో ఒకే జబర్దస్తీ.

ఉద్యోగం ఇచ్చేవారు, బడి నడిపేవారు, పోలీసు అధికారులు అడగాల్సిన ప్రశ్న ‘నీ మతంలో ఇది తప్పనిసరా’ అన్నది కాదు, ‘నీ పనికి ఇది అడ్డమా’ అన్నది. విషవాయువుల మధ్య బిగుతైన మాస్కు తగిలించుకుని పనిచేసే చోట గడ్డం నిజంగా అడ్డం కావచ్చు. గేటు దగ్గర కాపలాకో, కంప్యూటర్ ముందు కూర్చునే పనికో అడ్డం కాదు.

తెలుగే ఇంటిభాషగా ఉన్న దూదేకుల కుటుంబాలకు, ఉర్దూ చదవడం రాని కొత్త తరానికి ఈ చర్చలో సగం కూడా చేరడం లేదు. ఫత్వాల సంపుటాలు ఎక్కువగా ఉర్దూలో, అరబీలో ఉన్నాయి. తెలుగులో వారికి అందేది ‘పెంచాలి’, ‘గీయకూడదు’ అన్న ముగింపు మాటే. రాయలసీమ మసీదుల్లో ప్రసంగించే ఖతీబులకు, తెలుగులో ఇస్లామీ సాహిత్యం ప్రచురిస్తున్నవారికి నా మనవి ఒకటే. హదీసు చెప్పేటప్పుడు దాని బలమెంతో చెప్పండి. హనఫీ తీర్పు చెప్పేటప్పుడు పక్కనే షాఫియీ తీర్పూ చెప్పండి. వాజిబ్ అన్నవారిని, మక్రూహ్ అన్నవారిని పేర్లతో సహా తెలుగు పుస్తకంలోకి తెచ్చి, ఏది పాటించాలో చదివినవాడికి వదలండి.